ఐదో గడిలోని ఖాళీ: బరానగర్ కార్డుల నుంచి నేటి కంపైలర్ల దాకా

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. మీ నోటుపుస్తకంలో పక్కపక్కనే ఐదు గడులు గీయండి. మొదటి రెండు గడులు ఖాళీగా వదలండి. మూడో గడిలో 1, నాలుగో గడిలో 2 వేయండి. ఐదో గడిని కూడా ఖాళీగానే ఉంచండి. ఇప్పుడు చెప్పండి, ఆ ఐదు గడుల్లో ఉన్న సంఖ్య ఎంత?

మీలో చాలామంది పన్నెండు అంటారు. ఫోర్ట్రాన్ అనే కంప్యూటర్ భాషకు 1966లో ఏర్పడిన ప్రమాణం ప్రకారం మాత్రం అది నూట ఇరవై. అదే భాషకు 1978లో వచ్చిన కొత్త ప్రమాణం ప్రకారం, ఫైలును మామూలుగా తెరిచి చదివితే, మళ్ళీ పన్నెండు. గడులు మారలేదు, అంకెలు మారలేదు. చదివే యంత్రం కూడా పొరపాటు చేయలేదు. ఐదో గడిలోని ఖాళీకి అర్థం ఏమిటన్న ఒప్పందం మాత్రం మారింది.

ఈ పాఠంలో మనం చెప్పుకోబోయేది ఆ ఒప్పందం కథ. మన దేశంలో ఈ కథకు అసలైన చోటు కలకత్తా నగరానికి ఉత్తరాన ఉన్న బరానగర్. అక్కడి భారతీయ గణాంక సంస్థ పేరు మీరు వినే ఉంటారు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో దాన్ని స్థాపించారు. మొదట్లో అది ప్రెసిడెన్సీ కళాశాల భౌతికశాస్త్ర విభాగంలో ఒక మూల నడిచేది. 1937లో బెంగాల్ జనుము పంట సర్వే మొదలయ్యాక అక్కడికి వచ్చిపడే కాగితాలకు అంతు లేకుండా పోయింది.

మన తెలుగువారికి ఆ సంస్థతో దగ్గరి సంబంధం ఉంది. అప్పటి బళ్ళారి జిల్లా హడగలిలో 1920లో ఒక తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కలియంపూడి రాధాకృష్ణరావు గారు 1941లో అక్కడికి చేరారు. మనుషుల శరీర కొలతలను బట్టి సమూహాల మధ్య దూరాన్ని లెక్కగట్టే పనిలో ఆయన మహలనోబిస్‌తో కలిసి పనిచేశారు. ఒక్కొక్క మనిషికి డజను దాకా కొలతలు, అలాంటి వేల మంది మనుషులు. చేతితో తిప్పే లెక్కల యంత్రాలే అప్పటికి ఆధారం. ఆ రోజుల్లో కంప్యూటర్ అనే మాటకు అర్థం యంత్రం కాదు, లెక్కలు చేసే ఉద్యోగి.

ఆ ఉద్యోగిని కాసేపు గుర్తుంచుకోండి. ఆయన ముందుకు వచ్చిన కాగితంలో ఒక గడి ఖాళీగా ఉంటే ఏం చేస్తాడు? పక్కనున్నవాడిని అడుగుతాడు. సర్వేకు వెళ్ళివచ్చిన మనిషికి కబురు పెడతాడు. కుదరకపోతే ఒక గీత గీసి, అంచున ఒక మాట రాస్తాడు. మనిషికి ఖాళీ అంటే అనుమానం. యంత్రానికి అనుమానం ఉండదు. దానికి ముందే ఏదో ఒక అర్థం చెప్పి ఉంచాలి.

1950 అక్టోబరులో జాతీయ నమూనా సర్వే మొదటి రౌండు మొదలైంది. దేశంలోని పల్లెల్లో కొన్నిటిని నమూనాగా ఎంచుకుని, కుటుంబాలు ఏం తింటున్నాయి, ఎంత ఖర్చు చేస్తున్నాయి, ఎవరికి పని ఉంది, ఎవరికి లేదు అని అడిగి రాసుకురావడం దాని పని. సర్వే రూపకల్పన, వచ్చిన సమాచారాన్ని లెక్కకట్టడం ప్రధానంగా బరానగర్ సంస్థ బాధ్యతలు. అంత సమాచారాన్ని చేతితో లెక్కించడం సాధ్యం కాదు. దాన్ని పంచ్ కార్డుల మీదికి ఎక్కించాలి.

పంచ్ కార్డును మీరు చూసి ఉండరు కనుక కొంచెం వివరంగా చెబుతాను. అది ఏడు అంగుళాల పైచిలుకు పొడవు, మూడు అంగుళాల పైచిలుకు వెడల్పు ఉండే గట్టి కాగితం. అమెరికా 1890 జనాభా లెక్కల కోసం హెర్మన్ హొలరిత్ ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. తరువాత ఐబీఎం సంస్థ 1928లో 80 కాలమ్‌లున్న కార్డును రూపొందించింది. కాలమ్ అంటే నిలువు గడి అనుకోండి. ఒక్కొక్క గడిలో పై నుంచి కిందికి 12 చోట్లు ఉంటాయి. కింది పది చోట్లు 0 నుంచి 9 వరకు అంకెలకు. ఏ అంకె కావాలంటే ఆ చోట రంధ్రం చేయాలి. పైన మిగిలిన రెండు చోట్లు ప్రత్యేక సంకేతాలకు. ఒకరు రంధ్రాలు చేశాక, రెండో మనిషి అదే కాగితం చూసి మళ్ళీ టైపు చేసేవారు. రెండూ సరిపోకపోతే యంత్రం ఆగేది. తప్పులు పట్టుకునే పద్ధతి అది.

కార్డు మీద ఉన్నవి 80 గడులే. ఒక కుటుంబం సంగతంతా అందులో ఇమడాలి. జిల్లాకు రెండు గడులు, గ్రామానికి కొన్ని, కుటుంబంలో మనుషులెందరో చెప్పడానికి రెండు, బియ్యం ఖర్చుకు ఐదు. ఇలా పంచుకుంటూ పోతే గడి ఒక్కొక్కటీ ఎకరం భూమితో సమానమైపోతుంది. అందుకని పొదుపు మొదలైంది. రూపాయలకు, పైసలకు మధ్య దశాంశ బిందువు పెట్టడానికి ఒక గడి ఎందుకు దండగ? చివరి రెండు అంకెలు పైసలని అందరం అనుకుంటే సరిపోతుంది. సంఖ్యకు, సంఖ్యకు మధ్య కామా ఎందుకు? 11వ గడి నుంచి 15వ గడి వరకు ఫలానాది అని పుస్తకంలో రాసుకుంటే చాలు. రుణ సంఖ్యకు ముందు గీత ఎందుకు? చివరి అంకె ఉన్న గడిలోనే పైన ఇంకో రంధ్రం చేస్తే పోతుంది.

ఈ పొదుపంతా ఎక్కడికి పోయింది? కార్డు మీద ఉండవలసిన అర్థం కార్డు బయటికి పోయింది. లేఅవుట్ పుస్తకం అని ఒకటి ఉంటుంది. ఏ గడిలో ఏముందో అందులో రాసి ఉంటుంది. ఆ పుస్తకం పోతే కార్డుల గుట్ట వట్టి అంకెల గుట్ట. పొదుపు అప్పటికి న్యాయమైనదే, ఆ పని చేసినవారిని తప్పు పట్టడానికి లేదు. దాని ఖర్చు మాత్రం తరువాతి తరాల మీద పడింది.

ఇక యంత్రాల సంగతి. బరానగర్‌లోనే సమరేంద్ర కుమార్ మిత్ర, ఆయన సహచరులు 1953లో సమీకరణాలను సాధించే ఒక అనలాగ్ కంప్యూటరును సొంతంగా తయారు చేశారు. 1956లో ఇంగ్లండు నుంచి తెచ్చిన హెచ్‌ఈసీ-2ఎమ్ అక్కడ పని ప్రారంభించింది. భారతదేశంలో నెలకొల్పిన మొదటి డిజిటల్ కంప్యూటర్ అదే. దాన్ని తయారు చేసిన బ్రిటిష్ టాబ్యులేటింగ్ మెషీన్ కంపెనీ అసలు వ్యాపారం హొలరిత్ కార్డు యంత్రాలే కనుక, ఆ కంప్యూటరుకు కూడా కార్డులే ఆహారం. రెండో పంచవర్ష ప్రణాళిక లెక్కలు మహలనోబిస్ తలలో తిరుగుతున్న కాలం అది. 1958లో సోవియట్ యూనియన్ నుంచి ఉరాల్ అనే యంత్రం వచ్చింది. ఉరాల్ కార్డులను చదవదు. సినిమా ఫిల్ము లాంటి పట్టీ మీద రంధ్రాలు చేసి దానికి అందించాలి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఒకే ఆవరణలో రెండు యంత్రాలు. ఒకటి కార్డు చదువుతుంది, ఇంకొకటి ఫిల్ము చదువుతుంది. ఒకదానికి రాసిన ప్రోగ్రాం రెండోదానికి పనికిరాదు. ఒకదానికి పెట్టిన సమాచారం రెండోదానికి అర్థం కాదు. ప్రోగ్రాములన్నీ ఆయా యంత్రాల అంకెల భాషలోనే రాసేవారు. కార్డులోని రంధ్రాలను సంఖ్యగా మార్చే పని కూడా ప్రోగ్రాం రాసినవాడిదే. అంటే ఖాళీ గడికి అర్థం ఏమిటో అతడే తేల్చుకునేవాడు. ఇబ్బందే, కానీ ఒక సుఖం ఉంది. ఏం తేల్చాడో అతడికి తెలుసు.

1957లో ఐబీఎం సంస్థలో జాన్ బాకస్ బృందం ఫోర్ట్రాన్ భాషను 704 అనే యంత్రం కోసం విడుదల చేసింది. గణిత సూత్రాన్ని దాదాపు మనం కాగితం మీద రాసినట్టే రాస్తే, దాన్ని యంత్రభాషలోకి మార్చిపెట్టే ప్రోగ్రామే కంపైలర్. మన దేశంలో 1963లో కాన్పూరు ఐఐటీకి ఐబీఎం 1620, 1964లో బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థకు సీడీసీ 3600 వచ్చాక ఫోర్ట్రాన్ శాస్త్రవేత్తలకు మాతృభాషలా అలవాటైంది. కలకత్తాలో 1964లో గణాంక సంస్థకు ఐబీఎం 1401 వచ్చింది. 1966లో ఆ సంస్థ, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం కలిసి ట్రాన్సిస్టర్లతో ఇసిజు-1 అనే కంప్యూటరును తామే నిర్మించాయి. ఆ నిర్మాణం గురించి వేరే పాఠమే చెప్పుకోవాలి, ఇక్కడ కుదరదు.

ఫోర్ట్రాన్ పుట్టుకలోనే కార్డు ముద్ర ఉంది. ప్రోగ్రాములోని ప్రతి వాక్యం 7వ గడి నుంచి 72వ గడి లోపల ఉండాలనే నియమం అందరూ చదువుకున్నదే. కార్డుకు 80 గడులుంటే 72 దగ్గర ఎందుకు ఆగాలి? ఎందుకంటే 704 యంత్రం కార్డులోని ఒక అడ్డువరుసను రెండు పదాలుగా చదివేది. యంత్రపదానికి 36 బిట్లు. రెండు పదాలకు 72. మిగిలిన 8 గడులు ఆ యంత్రానికి కనిపించవు. ఆ యంత్రం ఎప్పుడో మూలపడింది. దాని పదం కొలత మాత్రం దశాబ్దాల పాటు విద్యార్థుల మార్కులు కోస్తూనే వచ్చింది. 73వ గడిలోకి జారిన అక్షరాన్ని కంపైలర్ చడీచప్పుడు లేకుండా వదిలేసేది.

సమాచారం చదవడానికి ఫోర్ట్రాన్‌లో ఫార్మాట్ అనే వాక్యం ఉంటుంది. లేఅవుట్ పుస్తకాన్ని ప్రోగ్రాములోకి తెచ్చిన వాక్యం అనుకోండి. అందులో ఐ5 అని ఉంటే ఐదు గడుల పూర్ణసంఖ్య చదవమని. ఎఫ్6.2 అని ఉంటే ఆరు గడులు చదివి, బిందువు లేకపోతే చివరి రెండు అంకెలను దశాంశాలుగా తీసుకోమని. కార్డు మీద 001234 ఉంటే విలువ 12.34 అవుతుంది. బిందువు కార్డు మీదే ఉంటే దాని మాటే చెల్లుతుంది. ఈ సంగతి తెలియని కొత్త విద్యార్థి అదే చోట కుడివైపుకు జరిపి 12 అని మాత్రం టైపు చేశాడనుకోండి, ప్రోగ్రాము దాన్ని 0.12గా చదువుతుంది. నూరో వంతు. తప్పు జరిగిందని ఎవరూ చెప్పరు.

ఇప్పుడు మన ఐదో గడి దగ్గరికి వద్దాం. 1966 ప్రమాణం ఏమందంటే, సంఖ్యకు ముందున్న ఖాళీలను పట్టించుకోనక్కరలేదు, మిగిలిన ఖాళీలన్నీ సున్నాలే. కార్డుల కాలంలో ఇది సహజం. రంధ్రం లేని గడి కూడిక యంత్రంలో దేనినీ కదిలించదు, అంటే అది సున్నాయే. అప్పటి ఆపరేటర్లు అంకెలను కుడివైపు అంచుకు జరిపి కొట్టడంలో నిష్ణాతులు, చివర ఖాళీ మిగిలే ప్రశ్నే ఉండేది కాదు.

డెబ్బైల్లో కార్డుల స్థానంలోకి టెర్మినళ్ళు వచ్చాయి. ఇప్పుడు సంఖ్య టైపు చేసేవాడు ఆపరేటరు కాదు, శాస్త్రవేత్తే. అతడు మనం వాక్యం రాసినట్టు ఎడమ నుంచి మొదలుపెడతాడు. 12 కొట్టి మిగతాది వదిలేస్తాడు. పాత నియమం ప్రకారం అది 12000 అవుతుంది! అందుకని ఫోర్ట్రాన్ 77 అని పిలిచే ప్రమాణం, 1978 ఏప్రిల్‌లో ఆమోదం పొందినది, దారి మార్చింది. ఓపెన్ వాక్యంతో తెరిచిన ఫైలులో, వేరే ఏమీ చెప్పకపోతే, ఖాళీలను లెక్కలోకి తీసుకోవద్దంది. పాత పద్ధతి కావాలంటే బ్లాంక్ అనే మాటతో ఓపెన్ వాక్యంలోనే అడగవచ్చు. లేదా ఫార్మాట్‌లో బీజడ్ అని రాస్తే ఖాళీలు సున్నాలు, బీఎన్ అని రాస్తే ఖాళీలు లేనట్టే.

ఈ ఏర్పాటు న్యాయంగానే కనిపిస్తుంది కదా. కానీ పాత ప్రోగ్రాముల్లో ఓపెన్ వాక్యమే ఉండదు. 1966 ప్రమాణంలో అలాంటి వాక్యమే లేదు. ఐదో నంబరు యూనిట్ అంటే కార్డు రీడరు అని అందరూ అనుకునేవారు, అంతే. అలా ముందే అతికి ఉన్న యూనిట్లలో ఖాళీలను ఏమనుకోవాలన్నది కంపైలరును బట్టి మారిపోయింది. దాంతో ఒక విచిత్రం జరిగింది. పాత ప్రోగ్రాము కొత్త యంత్రంలో సవ్యంగానే నడుస్తూ ఉంటుంది. ఎవరో పుణ్యాత్ముడు శుభ్రంగా ఉంటుందని ఒక ఓపెన్ వాక్యం చేరుస్తాడు. లెక్క మొత్తం మారిపోతుంది.

ఎంత మారుతుందో చూడండి. పెద్ద సంఖ్యలను పది ఘాతాలతో రాయడానికి ఫోర్ట్రాన్‌లో ఈ అనే ఇంగ్లీషు అక్షరం వాడతారు. 1.5ఈ1 అంటే 1.5ను పదితో హెచ్చవేయడం, అంటే 15. దీన్ని ఆరు గడుల చోట ఎడమవైపుకు జరిపి రాస్తే చివర ఒక ఖాళీ మిగులుతుంది. కొత్త నియమం దాన్ని 15గానే చదువుతుంది. పాత నియమం ఖాళీని సున్నాగా తీసుకుని ఘాతాన్ని 10 చేస్తుంది. అప్పుడు విలువ 1,500 కోట్లు. ఒక్క ఖాళీ దగ్గర నూరు కోట్ల రెట్ల తేడా.

ఇంత పెద్ద తేడా అయితే ఫరవాలేదు, ఎవరికైనా కంట పడుతుంది. నిజంగా భయపడవలసింది 12కు, 120కి మధ్య తేడాకే. కుటుంబం నెలసరి ఖర్చు 120 రూపాయలు అంటే నమ్మవచ్చు, 12 అన్నా నమ్మవచ్చు.

మిగిలిన చిక్కులను త్వరగా చూసేద్దాం. కార్డు ఎప్పుడూ 80 గడులే, రాసినా రాయకపోయినా. డిస్కు మీది ఫైలులో వరుస చివరి ఖాళీలను చాలా ఎడిటర్లు కత్తిరించేస్తాయి. 80 గడులు చదవబోయిన ప్రోగ్రాముకు 43 దొరికితే, 77 ప్రమాణం ప్రకారం అది తప్పు. 1991లో వెలువడిన ఫోర్ట్రాన్ 90లో, లేని గడులను ఖాళీలతో నింపుకునే వెసులుబాటు వచ్చింది. విండోస్‌లో తయారైన ఫైలును యూనిక్స్‌లో చదివితే ప్రతి వరుస చివరా కంటికి కనిపించని ఒక అక్షరం అదనంగా తగలవచ్చు. ట్యాబ్ మీట ఒక్కసారి నొక్కితే తెర మీద ఎనిమిది గడులు జరిగినట్టు కనిపిస్తుంది, ఫైలులో ఉన్నది ఒక్క అక్షరమే.

పేర్లను, అక్షరాలను చదవడం ఇంకో తలనొప్పి. పాత ఫోర్ట్రాన్‌లో అక్షరాలకు వేరే రకం చలరాశి లేదు. సంఖ్యల కోసం ఉంచిన చోటులోనే అక్షరాలను కుక్కేవారు. ఐబీఎం 7090లో ఒక పదానికి ఆరు అక్షరాలు పట్టేవి, బొంబాయిలోని సీడీసీ 3600లో ఎనిమిది, ఐబీఎం 360లో నాలుగు. అందుకని ఏ6 అని రాసిన ప్రోగ్రామును నాలుగక్షరాల యంత్రానికి తెస్తే, మొదటి రెండక్షరాలు రాలిపోయేవి.

చివరి అంకె మీద అదనపు రంధ్రంతో రాసిన రుణ సంఖ్యల సంగతి మరీ తమాషా. కార్డులను టేపు మీదికి, టేపును డిస్కు మీదికి మార్చేటప్పుడు ఆ రెండు రంధ్రాల గడి ఒక ఇంగ్లీషు అక్షరంగా మారిపోతుంది. మైనస్ 125 అన్నది 12ఎన్ అయి కూర్చుంటుంది. దాన్ని చూసి నేటి కంపైలర్ తప్పు అని ఆగిపోతుంది. అలాగే పాత ఫార్మాట్ వాక్యాల్లో కామాలు వదిలేసినా, ఖాళీ గడుల సంఖ్య చెప్పకుండా ఎక్స్ అని ఊరుకున్నా పాత కంపైలర్లు సర్దుకుపోయేవి. ప్రమాణాన్ని గట్టిగా పాటించే కొత్తవి ఒప్పుకోవు. విద్యార్థులు ఇలాంటి తప్పులు వచ్చినప్పుడు విసుక్కుంటారు. నేనైతే ఆగిపోయే కంపైలరుకు దండం పెడతాను. ఆగకుండా తప్పు జవాబు ఇచ్చేదే మన కొంప ముంచుతుంది.

ఇదంతా యంత్రాల మ్యూజియం కబుర్లు అనుకుంటున్నారా? బరానగర్‌కు తిరిగి వెళ్దాం. 1970లో జాతీయ నమూనా సర్వే ప్రత్యేక ప్రభుత్వ సంస్థగా మారింది. అయినా సమాచారాన్ని సరిచూసి లెక్కకట్టే విభాగానికి ముఖ్య కేంద్రం కలకత్తాలోనే, మహలనోబిస్ భవన్ పేరుతో ఉండిపోయింది. కార్డులు పోయి టేపులు, టేపులు పోయి సీడీలు వచ్చాయి. పరిశోధకులకు ఇచ్చే కుటుంబాల వారీ సమాచారం మాత్రం చాలా రౌండ్ల పాటు అదే రూపంలో వచ్చింది. కామాలు లేని, బిందువులు లేని పొడవాటి అంకెల వరుసలు. పక్కన ఒక లేఅవుట్ ఫైలు, ఎన్నో గడి నుంచి ఎన్నో గడి దాకా ఏముందో చెబుతూ.

2004-05 నాటి 61వ రౌండు, 2011-12 నాటి 68వ రౌండు అలాంటివే. ఈ 68వ రౌండులో కుటుంబ ఖర్చు అడిగిన కుటుంబాలు లక్షకు పైగా. ప్రతి కుటుంబం వరుస చివరా ఒక గుణకం ఉంటుంది. ఆ కుటుంబం దేశంలోని ఎన్ని కుటుంబాలకు ప్రతినిధిగా నిలుస్తుందో చెప్పే సంఖ్య అది. దాన్ని ఎలా వాడాలో సమాచారంతో ఇచ్చే సూచనల్లో ఒక చిన్న నియమం ఉంటుంది. రెండు ప్రత్యేక గడుల సమూహాల్లోని సంఖ్యలు సమానమైతే గుణకాన్ని 100తో భాగించండి, కాకపోతే 200తో భాగించండి.

చాలామంది ఈ నియమాన్ని మంత్రంలా వల్లిస్తారు. దాని అర్థం విప్పి చూద్దాం. 100 ఎందుకో మీకిప్పుడు తెలుసు. బిందువుకు గడి దండగ అనుకున్న రోజుల అలవాటు అది, చివరి రెండు అంకెలు దశాంశాలు. మరి 200? మహలనోబిస్ తన సర్వేలలో ఒక పద్ధతి పెట్టారు. ఒకే ప్రాంతంలో రెండు చిన్న నమూనాలను విడివిడిగా తీసుకోవాలి. రెండు జట్లు వేరువేరుగా వెళ్ళి వేరువేరుగా లెక్క తేవాలి. రెండు లెక్కలూ దగ్గరగా ఉంటే నమ్మకం, దూరంగా ఉంటే ఎక్కడో పొరపాటు. రెండూ కలిపి చూసేటప్పుడు సగటు తీయాలి కనుక ఇంకో 2తో భాగించాలి. ఏదో కారణాన ఒక్క నమూనాయే దొరికిన చోట ఆ 2 అక్కరలేదు. అంటే 200 అనే అంకెలో ఒక సగం కార్డు పొదుపు, ఇంకో సగం మనిషి పొరపాటును పట్టుకోవడానికి మహలనోబిస్ పన్నిన ఉపాయం.

ఈ భాగహారం మరిచిపోతే ఏమవుతుంది? అందరి గుణకాన్నీ భాగించకుండా వదిలేశారనుకోండి. దేశంలో కుటుంబాల సంఖ్య నూరు రెట్లు దాటిపోతుంది, ఎవరైనా పట్టుకుంటారు. అందరినీ 100తోనే భాగించారనుకోండి. మొత్తాలు దాదాపు రెట్టింపు అవుతాయి. కానీ మీరు మొత్తాలు చూడకుండా శాతాలే చూస్తే? రెండు నమూనాలూ దొరికిన ప్రాంతాల బరువు రెట్టింపవుతుంది, ఒక్క నమూనాయే దొరికిన చోట్ల బరువు ఉన్నంతే ఉంటుంది. జవాబు కొద్దిగా పక్కకు జరుగుతుంది. చూడ్డానికి సరిగానే ఉంటుంది. ప్రణాళికా సంఘం 2011-12కు దేశంలో పేదలు 21.9 శాతమని ప్రకటించినది ఈ 68వ రౌండు ఆధారంగానే. రేషన్ కార్డులు ఎన్ని ఇవ్వాలి, ఏ రాష్ట్రానికి ఎంత ఇవ్వాలి అన్న చర్చలన్నీ అలాంటి శాతాల చుట్టూ తిరిగినవే.

ఇక ఖాళీ గడి మాట. సర్వే కాగితంలో ఒక ప్రశ్న కొందరికి వర్తించదు. భూమి లేనివాడిని ఎన్ని ఎకరాలకు నీరు పారుతుందని అడగరు, ఆ గడులు ఖాళీగా వదులుతారు. భూమి ఉండి, నీరు పారనివాడికి సున్నా వేస్తారు. ఆ ఇద్దరు రైతుల మధ్య ఎంత తేడా ఉందో మీకు తెలుసు. పాత ప్రమాణమైనా, కొత్త ప్రమాణమైనా, గడులన్నీ ఖాళీ అయితే ఫోర్ట్రాన్ దాన్ని సున్నాగానే చదువుతుంది. ఇక్కడ కంపైలర్లన్నీ ఒకే మాట మీద ఉన్నాయి. ఇన్నేళ్ళూ అవి పోట్లాడుకున్నది అంకెల పక్కనున్న ఖాళీ గురించి, పూర్తి ఖాళీ గురించి కాదు. ఈ తేడా తెలిసిన ప్రోగ్రామర్లు ఆ గడులను ముందు అక్షరాలుగా చదివి, ఏమైనా ఉందో లేదో చూసి, ఉంటేనే సంఖ్యగా మార్చుకునేవారు. పని రెట్టింపు, వేగం తక్కువ. బరానగర్‌లో ఒకనాటి కంప్యూటర్ ఉద్యోగి ఖాళీ చూసి లేచి వెళ్ళి అడిగి వచ్చేవాడే, అదే పని ఇది.

మీరు స్వయంగా చూడవచ్చు. జీఫోర్ట్రాన్ అనే కంపైలర్ ఉచితంగా దొరుకుతుంది. మూడు వరుసల ఫైలు ఒకటి తయారు చేయండి. మొదటి వరుసలో మూడు ఖాళీలు కొట్టి 12 వేయండి. రెండో వరుసలో రెండు ఖాళీలు, 12, మళ్ళీ ఒక ఖాళీ. మూడో వరుసలో ఐదు ఖాళీలు మాత్రమే. మీ ఎడిటర్ చివరి ఖాళీలను కత్తిరించలేదు కదా అని చూసుకోండి. దాన్ని ఒకసారి బీఎన్, ఐ5 అనే ఫార్మాట్‌తో చదివించండి. ఇంకోసారి బీజడ్, ఐ5 అనే ఫార్మాట్‌తో చదివించండి. మొదటి వరుసకు రెండుసార్లూ 12 వస్తుంది. రెండో వరుసకు ఒకసారి 12, ఇంకోసారి 120 వస్తుంది. మూడో వరుసకు రెండుసార్లూ సున్నాయే వస్తుంది. ఆ సున్నా ఎవరూ వేయలేదు.